పద్నాలుగు హారన్లు

ఎల్ఫ్రిదా తొమ్మిదింటికల్లా వ్యాన్లో ముందు సీటు పట్టుకుని కూర్చుంది. ఒళ్లో గుడ్డలో చుట్టిన సీమపనస, తెల్లారే నిప్పుల మీద కాల్చింది, ఇంకా వెచ్చగానే ఉంది. చెల్లెలు ఒలివెట్‌ను రోజో పట్నం రేవు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట ఓడలో గ్వాడలూప్ దీవికి తీసుకుపోతున్నారు. ఇక్కడి వైద్యం అయిపోయింది. అక్కడ ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు. ఒలివెట్ కూతురు మాత్రం ఫోన్లో, "వచ్చి ఒకసారి చూసిపో పెద్దమ్మా," అంది. ఆ 'ఒకసారి' అప్పట్నుంచీ చెవిలోనే ఉండిపోయింది.

పన్నెండు మంది ఎక్కారు. పద్నాలుగు సీట్లూ నిండితే తప్ప డ్రైవరు హిల్రాయ్ బండి తియ్యడు. పదవుతున్నా ఇంకెవరూ రాలేదు. ఎల్ఫ్రిదా దిగి, రమ్ము కొట్టు అరుగు మీద కాళ్లూపుకుంటూ కూర్చున్న బాటిస్టునీ కోలోనీ బతిమాలింది. ఏటి దాకా వచ్చి, మళ్లీ ఇదే బండిలో వెనక్కి వచ్చెయ్యమంది, కూలి ఇస్తానంది.

"కూర్చునే పనికి కూలేంటి పెద్దమ్మా?" అన్నాడు కోలో. "జీవితంలో మాకు వచ్చిన పని ఇదొక్కటే."

సీమపనసలో సగం విరిచి ఇచ్చింది. వాళ్లు నములుతూ ఎక్కారు. బండి కదిలింది. హిల్రాయ్‌కి ఆ సంగతేమీ చెప్పలేదు. చెబితే దింపేస్తాడని భయం.

ఏటి మీద వంతెన తుఫానుకి కొట్టుకుపోయి మూడేళ్లు. కొత్త వంతెనకని తెచ్చిన ఇనుప దూలాలు ఒడ్డునే తుప్పు పట్టాయి. వాటి మీద ఆడవాళ్లు బట్టలారేస్తున్నారు. ఇటు బండి ఇటే ఆగుతుంది. చెప్పులు చేతపట్టుకుని మోకాలి లోతు నీళ్లలో దాటితే అవతల మెర్విల్ బండి. పై మలుపులో ఇటు డ్రైవరు ఎంతమంది దాటుతారో అన్ని హారన్లు కొడతాడు. ఆ లెక్క సరిపోయేదాకా మెర్విల్ కదలడు.

హిల్రాయ్ పద్నాలుగు కొట్టాడు.

ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని పన్నెండు మందీ దాటారు. హిల్రాయ్ అవతలి జనాన్ని ఎక్కించుకుని కొండెక్కిపోయాడు. మెర్విల్ తలలు లెక్కపెట్టాడు. మళ్లీ పెట్టాడు. తలుపు తెరిచి ఏటి వైపు చూస్తూ నిలబడ్డాడు.

హారన్ల లెక్కలో ఆ ఇద్దరూ ఉన్నారని ఎల్ఫ్రిదాకి అప్పుడు అర్థమైంది. చెప్పాలి. కానీ వెనక సీట్లో చేపలమ్మే ఆవిడ అప్పటికే, ఎవడో పొద చాటుకి పోయుంటాడు, వాడి కడుపు కోసం మన కడుపులు మాడాలా అని దెప్పుతోంది. బండి అంతా నవ్వుతోంది. ఇప్పుడు చెబితే ఆ నవ్వంతా తన మీద పడుతుంది. వాళ్లే విసుగొచ్చి బయల్దేరమంటారులే అనుకుని నోరు మూసుకుంది. పావుగంట గడిచింది. చివరికి దిగి చెప్పింది.

మెర్విల్ కోప్పడలేదు. "ఇద్దరూ బండెక్కి వెనక్కి పోవడం నువ్వు చూశావా?"

చూడలేదు. ఆమె అప్పుడు నీళ్లలో కాలు ఎక్కడ పెట్టాలా అని చూసుకుంటోంది.

"మా బావమరిది ఏరు దాటి రానినాడు కూడా, ఇంటికి పోయుంటాడులే అన్నారు పెద్దమ్మా. నేను నమ్మి బండి తీశాను. నాలుగో రోజున సముద్రం దగ్గర దొరికాడు."

అతను ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, మరో ముగ్గుర్ని వెంటబెట్టుకుని ఏట్లోకి దిగాడు. ఎల్ఫ్రిదా ఒడ్డున నిలబడి బాటిస్టునీ కోలోనీ పేర్లు పెట్టి పిలిచింది. నీళ్ల హోరులో ఆమె గొంతు ఆమెకే వినిపించలేదు. గంట దాటాక ఎగువ మడుగులో ఇద్దరూ దొరికారు. ఊరికే వెనక్కి ఏం పోతాంలే అని ఆగిపోయారట. మడుగులో రొయ్యలు పడుతున్నారు. కోలో నవ్వుతూ దోసిలెత్తి చూపించాడు.

ఆ తర్వాత మెర్విల్ ఎంత తొందరగా నడపగలడో అంత తొందరగా నడిపాడు. బండిలో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

రోజో రేవులో గేటు మూసి ఉంది. ఓడ అప్పటికే నీళ్ల మీద తెల్లటి చుక్క. కావలివాడు ఆమె చేతిలోని మూట చూసి, ఎవరికోసమని అడిగాడు. చెప్పింది.

"చక్రాల కుర్చీలో ఉన్నావిడా? ఆవిణ్ణే ఆఖర్న ఎక్కించారు. కుర్చీ రోడ్డు వైపు తిప్పమని అడిగింది. కాసేపు తిప్పి ఉంచారు."

"ఏమైనా చెప్పిందా నాయనా?"

"బండి నిండి ఉండదు, అంది."

ఎల్ఫ్రిదా వ్యాన్లు నిలిచే చోటికి నడిచింది. ఊరి వైపు పోయే బండి ఖాళీగా ఉంది. ఎక్కి, మిగిలిన సగం సీమపనస ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంకా పదమూడు మంది కావాలన్నాడు మెర్విల్. బయట గోడ నీడన నలుగురు కుర్రాళ్లు ఊరికే కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ల వైపు చూడలేదు.