కోత డాక్టరు, కుట్టు సిస్టరు

యుద్ధం రోజుల్లో మా ఆసుపత్రి ఒక బడి. పిల్లల బెంచీలు జంటలుగా కలిపి కట్టి ఆపరేషన్ బల్లలు చేసుకున్నాం. మా ఆయన సర్జన్, నేను నర్సు. దెబ్బలు తగిలినవాళ్లు బండ్ల కొద్దీ వచ్చి పడుతుంటే మా మధ్య ఒక పద్ధతి దానంతటదే ఏర్పడింది. ఆయన కోసి, లోపలి ఇనుపముక్కలు తీసి, చెడినది సరిచేసి పక్క బల్లకు పరిగెత్తేవాడు. మూసి కుట్టడం నా వంతు. నర్సులు కుట్టకూడదని ఎక్కడో రాసే ఉంటుంది గానీ, ఆ రాసినవాళ్లెవరూ అప్పుడు మా దరిదాపుల్లో లేరు. సిపాయిలు మాకు పేర్లు కూడా పెట్టారు. ఆయన కోత డాక్టరు, నేను కుట్టు సిస్టరు. ఊపిరాడనంత పనిలో అప్పుడప్పుడూ ఆయనే కుట్టేసేవాడనుకోండి. ఎవరు కుట్టినా ఒకటే నియమం: రక్తం అద్దడానికి లోపల పెట్టిన గుడ్డముక్కలన్నీ బయటికొచ్చాయో లేదో మూసేవాళ్లే లెక్క చూసుకోవాలి.

నాది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు పంతులమ్మ వేళ్ల మీద ఎంత వాయించినా మారలేదు. అందరి కుట్లూ ఒకవైపు వాలితే నావి రెండోవైపు వాలతాయి. ఒకసారి బాంబు పడి కిటికీ అద్దాలు పగిలినప్పుడు మా ఆయన ఎడమ ముంజేయి నిలువునా చీలింది. అది కుట్టింది నేనే. యుద్ధం ముగిశాక పెద్దాసుపత్రిలో నర్సులకు పాఠం చెప్పే ఉద్యోగం నాకిచ్చారు. ఈయన నా క్లాసుకు పనిగట్టుకుని వచ్చి, చెయ్యి చాపి, ఆ మచ్చ ఎటు వాలిందో అమ్మాయిలకు చూపించేవాడు. మా ఆవిడ సంతకం అని గొప్పలు పోయేవాడు. ఇక చాల్లెండి అని నేను కసురుకునేదాన్ని, లోపల మాత్రం పొంగిపోయేదాన్ని.

ఇంతలో ఒక బస్సు డ్రైవరు ఫిర్యాదు చేశాడు. యుద్ధంలో మా బల్ల మీద పడుకుని లేచినవాడే. అప్పట్నుంచీ కడుపునొప్పితో బాధపడుతూ ఉన్నాడట. వేరే ఊళ్లో ఎవరో పాత గాటు పక్కనుంచి కోసి చూస్తే లోపల మా గుడ్డముక్క. సరిగ్గా అప్పుడే మా ఆయనను సూపరింటెండెంటుగా వేయబోతున్నారు. విచారణ పెట్టారు.

"మామూలు విచారణే. నిన్నూ పిలుస్తారు. అడిగినదానికి జవాబు చెప్పి వచ్చెయ్," అన్నాడు ఇంట్లో.

విచారణ రోజు పొద్దున పొడుగు చేతుల చొక్కా కావాలన్నాడు. ఉన్నది ఒక్కటే, పెట్టె అడుగున పడి ఉంది. తీసి ఇస్త్రీ చేసి ఇచ్చి, మళ్లీ పెళ్లిచూపులకు వెళ్తున్నారా ఏమిటని ఆటపట్టించాను. ఆయన నవ్వలేదు. పాపం, భయపడుతున్నాడని జాలిపడ్డాను.

విచారణ గదిలో మా ఇద్దరికీ పని నేర్పిన పెద్ద డాక్టరు గారు మధ్య కుర్చీలో కూర్చున్నారు. డ్రైవరు ఒక మూల బెంచీ మీద ఒదిగి ఉన్నాడు. ముందు మా ఆయనను అడిగారు.

"ఆ కేసు నాకు బాగా గుర్తుంది సార్. నేను పని ముగించి పక్క బల్లకు వెళ్లాను. మూసింది సిస్టర్," అన్నాడు.

సిస్టర్ అట. నేనెవరో ఊరూపేరూ తెలియనట్టు. అయినా చెప్పొద్దూ, ముందు నమ్మేశాను. ఆయన అన్నాడంటే అయి ఉంటుంది, నేనే మరిచిపోయుంటాను అనుకున్నాను. అదే నిజమైతే నా నర్సు రిజిస్ట్రేషను పోతుందనీ, ఇక ఏ ఆసుపత్రిలోనూ పని దొరకదనీ పెద్ద డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు. నేను డ్రైవరు దగ్గరికి వెళ్లి, గాటు ఒకసారి చూపించమని అడిగాను.

"మీ మీద నాకు కోపం లేదు సిస్టరమ్మా. ఎవరో ఒకరు తప్పని ఒప్పుకుంటే చాలు," అంటూ అతను చొక్కా పైకెత్తాడు.

కుట్ల గుర్తులు అందరి కుట్లలాగే వాలి ఉన్నాయి. పైన దగ్గరదగ్గరగా, చివరికొచ్చేసరికి తొందరతో దూరదూరంగా. ఆ తొందర ఎవరిదో నాకు తెలియనిది కాదు.

"ఇది నా చెయ్యి కాదు సార్," అన్నాను.

ఎలా తెలుస్తుందని అడిగారు పెద్ద డాక్టరు గారు.

"నా కుట్టు ఈ గదిలోనే ఉంది. పక్కపక్కన పెట్టి చూడండి." మా ఆయన వైపు తిరిగాను. "ఏమండీ, ఆ ఎడమ చెయ్యి ఒక్కసారి పైకి మడవండి."

ఆయన నా మొహం చూడలేదు. కుడిచేత్తో ఎడమ మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు చూశాను. ఫ్యాను కింద కూడా ఉడికిపోయే ఎండాకాలం. గదిలో అందరివీ పొట్టి చేతుల చొక్కాలే. ఈయన ఒక్కడే మణికట్ల దాకా గుండీలు పెట్టుకుని, మెడ మీద చెమట ధారలు కడుతుంటే కూర్చున్నాడు. భయంలో నోరు జారిన మాట కాదది. పొద్దున టీ తాగకముందే అన్నీ ఆలోచించుకున్నాడు. నా పక్కన పడుకుని ఆలోచించుకున్నాడు.

"ఇది ఇంటి విషయం. ఇక్కడ వద్దు," అన్నాడు గొణుగుతూ.

"ఇంటి విషయమైతే ఇంట్లోనే చెప్పాల్సింది. కాళ్లావేళ్లా పడక్కర్లేదు, ఒక్క మాట అడిగుంటే నా నెత్తిన వేసుకునేదాన్ని."

నిజంగానే వేసుకునేదాన్ని. నాకు ఒళ్లు మండింది అందుకే.

పెద్ద డాక్టరు గారు ఆయన చెయ్యి వైపు చూశారు. తర్వాత కలం మూత పెట్టి, "నువ్వెళ్లి నీ క్లాసు చూసుకో అమ్మా. అతనితో మేం మాట్లాడతాం," అన్నారు.

నేను తలుపు దాటేటప్పుడు కూడా ఆయన ఆ మణికట్టు వదల్లేదు. పట్టుకోవలసిన అవసరమే లేదు. పొద్దున ఇస్త్రీ చేస్తుంటే చొక్కా ఎడమ చేతికి గుండీ లేదని నేనే చూశాను. ఆయన పక్కనే నిలబడి ఉండగా సూదిలో దారం ఎక్కించి, ఊడిపోకుండా గట్టిగా కుట్టి ఇచ్చాను.