నీళ్ళు మన శత్రువు

ఓయాంగ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. హాంగ్‌ఝౌలోని ఆ రసాయన ప్రయోగశాలలో అందరికంటే సీనియర్ అతనే. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ అతను చెప్పే మొదటి పాఠం ఒకటే: నీళ్ళు మన శత్రువు. ద్రావకంలో చుక్క తేమ మిగలకుండా ఎండగట్టడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ గర్వం కాస్త ఎక్కువే.

నిన్నగాక మొన్న వచ్చిన రుయ్‌లాన్, ఎవరి చేతిలోనూ కలవని రెండు మొండి పదార్థాలను కలిపానంది. నికెల్ ఉప్పు వేసి నీలి దీపం కింద పెడితే కలిశాయట. ఓయాంగ్ తన ద్రావకంలో ఎన్నిసార్లు చేసినా ఏమీ కాలేదు. "ఇవన్నీ దొంగ ఫలితాలు సార్" అని శుక్రవారం సమావేశంలో అందరి ముందూ అనేశాడు. ప్రొఫెసర్ డువాన్ ఆమెను సామాను సర్దుకోమన్నాడు.

సర్దుకుని వెళ్తూ ఆమె అతని బల్ల దగ్గర ఆగింది.

"అన్నా, ఒక్క మాట. నేను వాడిన ద్రావకం డబ్బాకి మూత సరిగ్గా లేదు. ఈ ముసురుకి తేమ పట్టే ఉంటుంది. నీ ద్రావకం మరీ పొడి. కాసిని నీళ్ళు వేసి చూడు."

"ఆడలేక మద్దెల ఓడు అందట! నా ద్రావకానికే వంక పెడతావా?"

"వంక కాదన్నా. చివర్లో అతుక్కునే హైడ్రోజన్ ఎక్కణ్ణుంచో రావాలిగా? అది నీళ్ళలో ఉంది."

"నీళ్ళేగా నీక్కావాల్సింది? ఇదిగో, తాగు!" తన ఫ్లాస్కులోని తాగేనీళ్ళు సిరంజిలోకి లాగి, దీపం కింద ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న తన సీసాలోకి రబ్బరు మూతలోంచి గుచ్చి వదిలాడు. ఒళ్ళు మండుతున్నా గాలి తగలకుండా మూత తీయకూడదన్న సంగతి మాత్రం చెయ్యి మరచిపోలేదు. "టీ ఆకు కూడా వెయ్యనా?"

పక్క బల్లలవాళ్ళు పకపకా నవ్వారు. ఆమె సంచి భుజాన వేసుకుని స్టేషన్‌కు వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆ సీసా కడిగేయబోతూ, ఎందుకో ఒక చుక్క తీసి పరీక్షించాడు. ఆమె చూపించిన పదార్థమే. సీసా నిండా అదే. మొదట ఆమె మీదే కోపం వచ్చింది, నిజం చెప్పినందుకు. ఆ తర్వాత తన నోటి మీద వచ్చింది. తిన్నగా ప్రొఫెసర్ గదికి వెళ్ళాడు.

"నీళ్ళు పోసిందెవరు?" అన్నాడు డువాన్.

"నేనే సార్. వెటకారానికి పోశాను."

"ఎందుకు పోస్తేనేం? కనిపెట్టింది నువ్వే. పేపర్ రాసెయ్. ఆ పిల్ల ఎటూ పోయిందిగా."

ఇన్నేళ్ళూ ఈ మాట కోసమే పడిగాపులు కాశాడు. ఇప్పుడు అది విని తలుపు వైపు తిరిగాడు.

"పోలేదు సార్. మనమే గెంటేశాం." తలుపు దడాలున వేసి బయటికొచ్చి, ఆమెకు ఫోన్ చేశాడు.

"నువ్వన్నదే నిజం. తప్పు నాది, క్షమించు. వచ్చెయ్."

అవతల రైళ్ళ పేర్లు వినిపిస్తున్నాయి.

"చెవిలో చెప్తున్నావా అన్నా? దొంగ అన్నప్పుడు చెవిలో అన్నావా?"

"తప్పే," అన్నాడతను.

"వచ్చే శుక్రవారం, అదే గదిలో, అందరి ముందూ చెప్పు. వచ్చి వింటాను. ఆ తర్వాత ఉండాలో పోవాలో నేను చూసుకుంటా."