యసుకిచి మామయ్య గొంతుకు తగిన తీగ

నెల కిందట పడవలో కళ్లు తిరిగి పడ్డాడు మా మామయ్య యసుకిచి. అప్పటినుంచి ఆయన చేపల వేటకు వెళ్లాలంటే అత్తయ్య తోమె పెట్టిన షరతు ఒకటే. గంటకోసారి చేపలవాళ్ల సహకార సంఘం స్టేషన్‌కు రేడియోలో మాట్లాడాలి, ఆ మాట ఆవిడ వంటింట్లో ఉండే, వినడానికే తప్ప మాట్లాడ్డానికి రాని చిన్న రేడియో స్కానర్‌లో వినాలి. డెబ్భై ఆరేళ్ల మనిషి, ఒక్కడే వెళ్తాడు మరి. నాలుగు రోజుల కిందట స్కానర్ యాంటెన్నా విరిగింది. ఈ సాయంత్రంలోగా ఆయన గొంతు వినబడకపోతే పడవ అమ్మేయడమే అని అత్తయ్య తేల్చి చెప్పింది. ఆవిడ మాటంటే మాటే.

తప్పు నాది. నాగసాకి పట్నం నుంచి వచ్చిన కోడల్ని కదా, అన్నీ తెలుసనుకుని, విరిగినదాని బదులు ఆన్‌లైన్‌లో జనం ఎగబడి మెచ్చుకున్న యాంటెన్నా తెప్పించాను. చక్కగా బిగుసుకుంది. విమానాల పైలట్లు పక్కింట్లో ఉన్నట్టు మాట్లాడారు. పడవల దగ్గరికి వచ్చేసరికి ఒట్టి బుస్సుమనే చప్పుడు.  

మధ్యాహ్నం స్కానర్ చేత పట్టుకుని రేవులో పడవల రేడియోలు బాగుచేసే కునియె గారి కొట్టుకు పరిగెత్తాను. ఇంతకంటే ఖరీదైనది ఇవ్వమన్నాను. ఆవిడ నా యాంటెన్నా వైపు చూడనైనా చూడలేదు.

"ఎవరి గొంతు వినాలమ్మాయ్?"

"మా మామయ్యదండీ."

"మరి విమానాలది కొన్నావేంటి? వాటి రేడియో తరంగాలు పొట్టివి, జానెడు చాలు. మన పడవలవి పొడుగు, బారన్నర తీగుండాలి."

పొడుగు పుల్ల యాంటెన్నా పెడితే పోలేదా అన్నాను. ఆ బరువుకు స్కానర్ మెడ ఊడి చేతికొస్తుందట. ఆవిడ స్కానర్ తల వేలితో తడిమి, మర ఎలా బిగుస్తుందో చూసి, దానికి సరిపడే కనెక్టర్ ఏరింది. రాగి తీగ కొలిచి, కత్తిరించి, మీటరు పెట్టి చూసి, ఇంకో రెండు వేళ్లు తగ్గించి టంకం వేసింది. ఎంత ముచ్చటేసిందో! వందమంది అభిప్రాయాలు చదివినా నాకు తట్టని ప్రశ్న, ఈవిడ నోట ముందుగా వచ్చింది.

"బట్టలారేసే వెదురు గడకి నిలువుగా కట్టు. ఇనప గడకి కట్టావో, మళ్లీ బుస్సే" అంది. తీగ చుట్టి ఇస్తూ గొంతు తగ్గించింది. "అయితే ఈ నాలుగు రోజులూ మీ అత్తగారు వినలేదన్నమాట. సోమవారం మీ మామయ్య రేడియోలో మోకాలి నొప్పి తగ్గిందన్నాడు. నిన్న ముల్లంగి ఊరగాయ బాగుందన్నాడు. స్టేషన్ వాళ్లకెందుకే అవన్నీ? ఎవరికి చెబుతున్నాడో రేవంతటికీ తెలుసు."

 ఇంట్లో రోజుకు మూడు మాటలు దాటని మనిషాయన.

మూడింటికి ఐదు నిమిషాలుండగా తీగ కట్టడం పూర్తయింది. అత్తయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని స్కానర్ ముందు కూర్చుంది. స్టేషన్ వాళ్లు ఒక్కో పడవనే పిలుస్తున్నారు, ఒక్కొక్కరే పలుకుతున్నారు. మా పడవ వంతు వచ్చింది.

"యసుకిచిని. దీవికి పడమటున్నా. మూడు చేపలు పడ్డాయి. కళ్లు తిరగలేదు. గాలి లేస్తోంది, వచ్చేస్తున్నా. కాస్త వేడిగా చారుంటే బాగుండు."

స్టేషన్ వాళ్లు సరేనన్నారు. అటువైపు వినబడదని తెలిసి కూడా అత్తయ్య "సరే" అంది. చారుకు గిన్నె పొయ్యి మీద పెట్టి నావైపు తిరిగింది.

"రేపు వేటకి తెల్లవారుజామున మూడింటికే లేస్తాడు. పడవలోకి కట్టిచ్చే అన్నం ముద్దలకి బియ్యం నానెయ్యి."