కరెంటు కంపెనీకి ఉత్తరం

పరాయి రాష్ట్రంలో, మరమగ్గాల పేట డిండోలిలో తెలుగువాళ్లుండే ఆ గల్లీకంతటికీ సుదర్శనం ఒక్కడే బి.ఏ. అందుకే కరెంటు పోయినప్పుడల్లా కంపెనీకి ఫిర్యాదు రాసి గల్లీవాళ్ల సంతకాలు పెట్టించే పని ఆయనది. భార్య పోయాక ఆయన మాటల్ని అడ్డు చెప్పకుండా భరించేవి ఆ కాగితాలే.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఏడాదిన్నర మనవరాలు మౌక్తిక ఆయన ఒళ్లో మగతగా పడుకుని ఉంది. రెండు రోజులుగా జ్వరం, దగ్గు.

"పిల్ల మెత్తవడ్డది మామా, దవాఖానకు పోదమా?" అని కోడలు హారతి పొద్దున్నే అడిగింది.

"మగ్గాల దుమ్ముకే బిడ్డా. జర వాము ఆవిరి పట్టు, తగ్గుతది" అని ఆయన చదువుకున్నవాడిలా తేల్చేశాడు.

మూడింటికి కరెంటు పోయింది. కింది షెడ్డులో పొద్దస్తమానం రొద పెట్టే మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. సుదర్శనం హుషారుగా కలం తీసి, "అయ్యా, మా ఓపికకు" అని మొదలుపెట్టాడు. ఆ నిశ్శబ్దంలో ఒళ్లోంచి సన్నటి మూలుగు వినబడింది. ఊపిరి ఊపిరికీ ఒక మూలుగు. గౌను ఎత్తి చూస్తే పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి.

"హారతీ, ఆటో పిలువు!"

ఆసుపత్రిలో తెలుగు డాక్టరమ్మ ఆక్సిజన్ గొట్టం సర్దుతూ, "నిమోనియా. సమయానికి తెచ్చారు. ఎవరు గుర్తుపట్టారు?" అంది.

"మా మామ" అంది హారతి. వాము సంగతి చెప్పలేదు. ఆ దయకు ఆయన తల దించుకున్నాడు.

నాలుగో రోజు మౌక్తిక ఇడ్లీ ముక్క తాత ముఖాన విసిరింది. ఇంటికొచ్చాక ఆయన పాత కాగితం చించేసి కొత్తది తీశాడు. "అయ్యా, మంగళవారం మూడింటికి కరెంటు తీసినందుకు కృతజ్ఞతలు" అని రాశాడు. గల్లీవాళ్ల సంతకాలు మాత్రం అడగలేదు.