గిటార్‌దే తప్పు

మా ఇంట్లో మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఎవరం గొంతెత్తి మాట్లాడం. అక్కకి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి, వండి, బట్టలు ఆరేసి, పన్నెండింటికి లోపలి గదిలో పడుకుంటుంది. నేను ఫ్యాక్టరీలో ఉదయం షిఫ్టు ముగించుకుని మూడింటికి వచ్చేసరికి కర్టెన్లు మూసి ఉంటాయి. ముందు గదిలో బావ గిటార్ ఒళ్లో పెట్టుకుని నాకోసం కాచుకుని ఉంటాడు.

ఎలక్ట్రిక్ గిటార్‌తో ఒక సుఖం ఉంది. శబ్దం పెంచే యాంప్‌కి తగిలించకపోతే దాని గొంతు దోమ గొంతంతే. పక్కన కూర్చున్నవాళ్లకి తప్ప వినపడదు. అందుకే మా రిపేర్లూ పాఠాలూ అన్నీ అక్క నిద్రపోతుండగానే జరిగేవి.

నా పని సోల్డరింగ్. రోజుకి ఎనిమిది గంటలు భూతద్దం కింద, వేలిగోరంత బోర్డుల మీద వెంట్రుకల్లాంటి వైర్లు అతికిస్తాను. మా ఊరి బడిలో పదో తరగతి అయ్యాక నేర్చుకున్న విద్య అదొక్కటే. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, కళ్లు మండుతాయి, చెయ్యి మాత్రం వణకదు. ఆ సంగతి కనిపెట్టిన రోజు నుంచీ బావ నన్ను సర్జనమ్మా అని పిలుస్తున్నాడు.

బావ ఒక హోటల్లో సాయంత్రాలు వాయించే బృందంలో గిటారిస్టు. పద్దెనిమిదేళ్లుగా అదే కుర్చీ, అదే మూల. గిటార్ కూడా అదే. ఏడాది కిందట అది ఉన్నట్టుండి ఆయనకి ఎదురుతిరిగింది. తీగలు మొండికేస్తున్నాయి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి అని సన్న తీగలు వేయించాడు. నెల తిరక్కుండా ఇంకా సన్నవి. సన్న తీగలతో శబ్దం పీలగా వస్తోందని, వాటి కింద ఉండే పికప్పులు, అంటే తీగ కదలికని పట్టి యాంప్‌కి పంపే అయస్కాంతాలు, మార్పించాడు. పాతవి విప్పి కొత్తవి అతికించింది నేనే. ఆ తర్వాత మరలు తిప్పి తీగలు కిందికి దించాం. అదీ చాల్లేదు. గిటార్ మెడ చివర తీగలు కూర్చునే ఎముక ముక్కలో గాడుల్ని ఆకురాయితో లోతు చేశాం.

ప్రతిసారీ ఒకటే మాట. దీనికి వయసు మీద పడింది సర్జనమ్మా, కీళ్లు బిగుసుకుపోయాయి అనేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. అలిసిపోయి వచ్చిన మనిషికి మాట్లాడటం కన్నా నవ్వడం తేలిక.

ఏ మార్పు చేసినా పరీక్షించి చూడాలి కదా. నేను వాయించాలి, ఆయన వినాలి. అలా నాకు కార్డ్స్ వచ్చాయి. కార్డ్ అంటే తీగల మీద రెండు మూడు చోట్ల ఒకేసారి నొక్కిపట్టి, అన్నిటినీ కలిపి మీటడం. సి, జి, ఏ మైనర్ రెండు నెలల్లో పట్టుబడ్డాయి. మొదట్లో వేళ్ల కొనలు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మండేవి. మర్నాడు అవే వేళ్లతో ఫ్యాక్టరీలో పని. తర్వాత కాయలు కాచాయి.

ఎఫ్ మాత్రం రాలేదు. దానికి చూపుడు వేలిని కర్రలా చాచి, మెడ మీది లోహపు గీతల మధ్య గళ్లలో మొదటి గడిలో ఆరు తీగల్నీ అడ్డంగా అదిమిపట్టాలి. ఆపైన మిగతా మూడు వేళ్లకీ మూడు చోట్లు వెతకాలి. నేను పడితే రెండు తీగలు మోగేవి, నాలుగు జలుబు చేసినట్టు ముక్కేవి.

"చూశావా," అనేవాడు బావ, నెత్తిమీద బరువు దిగినట్టు. "చిన్నదానివి, నీకే లొంగట్లేదు. తప్పు నీదీ కాదు, నాదీ కాదు. గిటార్‌దే."

నాకు పాత వస్తువులు పారేయడం చేతకాదు. విప్పిన తీగల్ని చుట్టలు చుట్టి, నెల రాసిన కాగితం కట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని. ఒక సెలవు రోజున ఏమీ తోచక వాటిని భూతద్దం కింద పెట్టి చూశాను. ఎక్కడ నొక్కి వాయిస్తే అక్కడ, మెడ మీది లోహపు గీత ఒరుసుకుని, తీగ అడుగున చిన్న నొక్కు పడుతుంది. ఆరింటిలోకీ లావైన పై తీగనే తీసుకుంటే, రెండేళ్ల కిందటిదానికి పొడుగునా నొక్కులే. మొదటి గడి, రెండోది, ఐదు, ఏడు. ఈ నెల విప్పినదానికి మూడో గడి దగ్గర ఒక్కటే. నేను జి పట్టుకునే చోటు అది. మిగతా పొడుగంతా కొత్త తీగలా నున్నగా ఉంది.

అంటే బావ చాలాకాలంగా ఆరు తీగల్నీ అడ్డంగా పట్టడమే మానేశాడు. కింది మూడు తీగలు తాకి, మిగతాది కీబోర్డు వాయించే ఆయనకి వదిలేస్తున్నాడు.

తీగలు మళ్లీ చుట్టి డబ్బాలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ వారమే అక్క బట్టలు మడతపెడుతూ తనే కదిపింది. చలికాలంలోనే డాక్టరుకి చూపించారట. బావ ఎడం మణికట్టులో నరం నొక్కుకుపోతోంది. చిన్న ఆపరేషన్, ఆ పైన ఆరు వారాలు గిటార్ ముట్టకూడదు. వాయిదా వేసుకుంటూ పోతే బొటనవేలి కింద కండ కరిగిపోతుంది, కరిగింది మళ్లీ రాదు అన్నాడట. "కత్తి పెట్టేది పావుగంట," అంది అక్క. "ఆ పావుగంటకి భయపడి ఏడాదిగా దాక్కుంటున్నాడు మీ బావ. అడిగితే చేతికేం లేదు, గిటార్ బాగాలేదంటాడు. నువ్వు చూస్తే అవునంటావు."

నేను తువ్వాలు మడత పెడుతూ ఉండిపోయాను.

నిజానికి బావ భయం కత్తికి కాదు. బృందంలో డ్రమ్స్ వాయించే ఆయన మేనల్లుడు ఒకడు ఈమధ్య ప్రతి సాయంత్రం గిటార్ తెచ్చుకుని హోటల్లో ఓ పక్కన కూర్చుంటున్నాడు. కొన్నాళ్లు ఖాళీ చేసిన కుర్చీలో వాడు కూర్చుంటే మళ్లీ లేస్తాడా అని బావ ఒకసారి నాతోనే అన్నాడు, నవ్వుతూ.

తర్వాత మూడు రోజులకి, బావ బజారుకి వెళ్లినప్పుడు, ఒంటరిగా వాయిస్తుంటే ఎఫ్ మోగింది. ఆరు తీగలూ. మళ్లీ పట్టాను, మళ్లీ మోగింది. మోగక ఏం చేస్తుంది? ఇంత సన్న తీగలు, ఇంత కిందికి దించినవి, ఎవరు నొక్కినా లొంగుతాయి. సంతోషించాల్సింది. నీరసంగా గిటార్ గోడకి ఆనించి పడుకున్నాను.

ఆ మర్నాడు బావ ఎఫ్ పట్టమన్నప్పుడు వేలు కాస్త వదులు చేశాను. తీగలు ముక్కాయి. "చూశావా," అన్నాడు. అలా పది రోజులు. నా రాని ఎఫ్ ఒక్కటే ఆయనకి ఆసరా అని నాకు తెలుసు. దాన్ని లాగేయడానికి చెయ్యి రాలేదు.

శుక్రవారం నేను వచ్చేసరికి బల్ల మీద న్యూస్ పేపరు పరిచి ఉంది. దాని మీద గరుకు కాగితం, వడ్రంగి దగ్గర అడిగి తెచ్చిన ఇనుప గీకుడు రేకు. తీగలు వదులు చేసి ఉన్నాయి.

మెడ లావుగా ఉంది, వెనకవైపు చెక్క గీకి సన్నం చేద్దాం అన్నాడు. నా చెయ్యి నిలకడైంది కాబట్టి నేనే గీకాలి. తీగలు మళ్లీ లావువి వేసుకోవచ్చు, మరలు పైకి తిప్పుకోవచ్చు, ఎముక ముక్క కొత్తది చేయించుకోవచ్చు. గీకిన చెక్క తిరిగి రాదు. లోపల మెడని నిలబెట్టే ఇనుప కడ్డీ ఉంది, అది కూడా బయటపడొచ్చు. అదంతా ఆయన నాకు నేర్పిందే.

రేకు నాకు అందించడానికి ఎడం చెయ్యి చాచాడు. బొటనవేలి కింద ఉండాల్సిన మెత్తటి కండ కరిగి పల్లం పడి ఉంది.

"ముందు ఒకసారి వాయించి చూద్దాం బావా, మామూలుగానే," అన్నాను.

తీగలు బిగించి ఇచ్చాడు. సి పట్టాను. జి పట్టాను. ఏ మైనర్. ఆయన తల ఊపుతూ ఎఫ్ అన్నాడు, అప్పుడే తల అడ్డంగా తిప్పడానికి సిద్ధపడుతూ.

పట్టాను. ఒక్కో తీగా విడివిడిగా మీటాను, ఆయన నేర్పినట్టే, లావు తీగ నుంచి సన్న తీగ దాకా. ఆరూ మోగాయి. ఆ చిన్న గదిలో, దోమ గొంతుతోనే, శుభ్రంగా.

లోపల అక్క పక్కకి ఒత్తిగిల్లిన చప్పుడు.

"ఎప్పటి నుంచి?" అన్నాడు బావ.

"పది రోజులు."

"మరి నిన్న?"

"కావాలనే వదిలేశాను."

గిటార్ తీసుకున్నాడు. తనూ ఎఫ్ పట్టాడు. రెండు తీగలు మోగాయి. ఇంకోసారి పట్టలేదు. నాకు తిరిగి ఇచ్చేసి, రేకుని పేపర్లో చుట్టి బల్ల సొరుగులో పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన నా చేతినే చూస్తున్నాడు.

"బొటనవేలితో అంత గట్టిగా పిండకు," అన్నాడు. "ఊరికే వెనక ఆనించు చాలు. బలమంతా అక్కడ పెడితే నాలాగే అవుతుంది."

వేలు సడలించాను. అయినా మోగింది.

ఐదింటికి అక్క లేచి వచ్చింది, జుట్టు ముడి వేసుకుంటూ. బావ ఆమె వైపు చూడకుండా, ఆ డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడని అడిగాడు. అక్క మంగళవారం అంది. టీ పెట్టనా అంది.

ఆరింటికి బావ రోజులాగే గిటార్ భుజాన వేసుకుని వెళ్లాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, ఆ పాత లావు తీగలు ఉన్నాయా, పారేశావా అని అడిగాడు. డబ్బాలో ఉన్నాయన్నాను. పాతవి పనికిరావు, కొత్త లావువి తెస్తాను, మంగళవారం తర్వాత వేసి ఉంచు అన్నాడు.

ముందు ఆ ఎముక ముక్క మార్చాలి. ఆరు వారాలు టైముంది. మర్నాడు షిఫ్టుకి ఐదింటికే లేవాలి. దీపం తీసేసి పడుకున్నాను.