ఆవుపాకలో శ్రుతి

అరవై ఎనిమిదిలో విజయనగరంలో సన్నాయి త్యాగరాజు గారి ఆవుకు అల్లుడంటే గిట్టేది కాదు. ఎలా గిట్టుతుంది? దాన్ని గుమ్మంలో కట్టేసి, దాని పాకలోకే అల్లుడు కూర్మనాథం తన పాత వెల్డింగు మిషన్ తెచ్చి పెట్టాడు. ఇనుము తప్ప మరొకటి అతకని ఆ మిషన్ చేత అల్యూమినియం అతికించాలని అతగాడి పిచ్చి. విశాఖ నుంచి ఆర్గాన్ గ్యాసు సిలిండరు దిగింది, టంగ్‌స్టన్ పుల్ల దిగింది. నిప్పురవ్వ పుట్టించే పెట్టె ఒకటి తనే కట్టాడు. రవ్వ పుట్టేది, చచ్చేది. లోహం మాత్రం అతికేది కాదు.

ఓపిక పట్టి పట్టి మామగారు ఆ వేళ తేల్చేశారు.

"కన్నం పడిన పాల తపేలా పొద్దుగూకేలోగా అతికితే పాక నీది. నేదంటే మిషను ఈదిలోకి, ఆవు లోపలికి."

మిషను పోతే కూర్మనాథం మళ్ళీ మామగారి మేళంలో తాళం వేసుకోవాలి. అతను తాళం వేస్తే పెళ్ళివారు లేచిపోయేవారు.

సాయంత్రం మామగారు వసారాలో రేడియో పెట్టుకుని కచేరీ వింటున్నారు. పాకలో కూర్మనాథం మీట నొక్కాడు. రేడియో గుర్రుమంది. వదిలాడు, పాట వచ్చింది. మళ్ళీ నొక్కేసరికి త్యాగరాజు గారు పంచె ఎగ్గట్టి పాకలోకి వచ్చిపడ్డారు.

"ఏటల్లుడూ, నీ పెట్టె నా రేడియోలో దూరిపోనాది."

"కూసేపు రేడియో ఆపెయ్యండి మావా."

"రొద పెట్టినావని కాదు నా బాధ. రొదైనా ఒక శ్రుతిలో ఉండాల గదా. జారిపోతన్నాది. ఆ జారుడు నేను ఇనలేను."

కూర్మనాథం చటుక్కున మీట వదిలాడు. శ్రుతి జారుతోందంటే రవ్వ తెగుతోందన్నమాట. తాళం పట్టని అతని చెవులకు అదంతా ఒకటే గుర్రు. కాగల కార్యం గంధర్వులే తీర్చడమంటే ఇదే.

"మావా, రేడియో కాడ కూకోండి. శ్రుతి కుదిరినప్పుడు సెప్పండి."

మామగారు ఉరిమి చూశారు. కానీ శ్రుతి చూడమన్నాక సన్నాయి మనిషి కాదనగలడా? వెళ్ళి కూర్చున్నారు. అల్లుడు షాకు కొట్టకుండా కర్రపిడి స్క్రూడ్రైవరుతో పెట్టె మర తిప్పుతుంటే మామ వసారాలోంచి కేకలు.

"ఇంకా కిందే ఉన్నాది, బిగించు. ఎక్కువైపోనాది. ఎంట్రుకంత వదులు. అదీ. ఇంక కదిపితే సంపేస్తాను."

నీలి వెలుగు నిలిచింది. అల్యూమినియం వెన్నలా కరిగి పరుచుకుంది. కన్నం మూసుకుంది. కూర్మనాథం ముసుగు తీయకుండానే గెంతులు వేశాడు. మొగుడికి తేలు కుట్టిందనుకుని జగదీశ్వరి పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిశాక, తపేలా చల్లారనిచ్చి దాంట్లోకే పాలు పితికింది. చుక్క కారలేదు.

త్యాగరాజు గారు ఆ తపేలా వీధంతా తిప్పి చూపించారు. "నేనే అతికినాను. అల్లుడు మర తిప్పినాడంతే."

కూర్మనాథానికి పట్టలేని సంతోషం. ఎవరు అతికితేనేం, అతికింది.

ఆవు మాత్రం ఇంకా పాక గుమ్మంలోనే నిలబడి ఉంది. త్యాగరాజు గారు పలుపు విప్పి, దాన్ని నడిపించుకుపోయి తన సాధన గదిలో కట్టేశారు.

"పాకలో మాకు పనున్నాది," అన్నారు కూతురితో.