గుమ్మం ముందు పడుగులు

ఆ కుర్రవాడి చేతిలో నోటుపుస్తకం చూడగానే కోటిలింగం అనుమానపడ్డాడు. యుద్ధం రోజులు. నూలు దొరకడం లేదు, దొరికినా కంట్రోలు. ఇలాంటప్పుడు నేతగాళ్ళ వీధిలో గుమ్మం గుమ్మానికీ తిరిగి, "మీకు మగ్గాలెన్నండీ? మీ తాతగారి కాలంలో ఎన్నుండేవండీ?" అని ఆరా తీసేవాడు ఎవడై ఉంటాడు?

పేరు అంకమ్మరావట. కంకిపాడువాడు. బెజవాడ కాలేజీలో హిస్టరీ చదువుతూ, దసరా సెలవులకు మేనత్త సంపూర్ణమ్మ ఇంట్లో దిగి, ఈ వీధి చరిత్ర రాస్తున్నాడట.

"చరిత్రంటే చచ్చిన రాజులది గానీ మన మగ్గాలకేం చరిత్రే? వీడు నూలు కంట్రోలు ఆఫీసరు పంపిన మనిషే," అని భార్య చౌడేశ్వరమ్మతో తేల్చేశాడు కోటిలింగం. అంతటితో ఊరుకున్నాడా? ఉన్నవి చెబితే దాచుకున్న నాలుగు చిలపల నూలూ ఎగరేసుకుపోతారని వీధంతా తిరిగి ఎక్కించాడు. తన ఇంట్లో మూడు మగ్గాలు ఆడుతుంటే ఒకటన్నాడు. నలభై మగ్గాల వీధి పదకొండు మగ్గాల వీధైపోయింది. కుర్రవాడు అన్నీ బుద్ధిగా రాసుకున్నాడు. ఆ వినయం చూస్తే కోటిలింగానికి అనుమానం ఇంకా ముదిరింది. రోజూ తెల్లారేసరికి వాడు మేనత్త అరుగు మీద కూర్చుని వీధి వంకే చూస్తుంటే ఒళ్ళు మండేది.

మూడు నెలలకు నిజం ఆఫీసరే దిగాడు. ఇకమీదట మగ్గానికింత అని నూలు ఇస్తారట. అదీ దసరానాటికి ఆడుతున్న మగ్గాలకే.

"ఇప్పుడు చూపిస్తే నమ్మను. నిన్న నాలుగు కర్రలు పాతి మగ్గమంటారు. అప్పటి రాతేదైనా ఉంటే తెండి," అన్నాడు.

అప్పటి రాత ఒక్కటే ఉంది, ఆ కుర్రవాడి నోటుపుస్తకం. ఏడుగురు తినే ఇల్లు ఒక్క మగ్గం నూలుతో ఎలా గడుస్తుంది? కోటిలింగం సిగ్గు చంపుకుని బొగ్గుతో నడిచే బస్సెక్కి బెజవాడ వెళ్ళాడు.

"ఆ అంకె కాస్త దిద్దు నాయనా."

"దిద్దితే ఇంకెందుకూ పనికిరాదండీ. పుస్తకం తెస్తాను, పదండి," అన్నాడు అంకమ్మరావు.

వీడు కక్ష తీర్చుకోడానికే వస్తున్నాడని దారి పొడుగునా కోటిలింగం అనుకుంటూనే ఉన్నాడు.

ఆఫీసరు ముందు కుర్రవాడు చదివాడు: "కోటిలింగంగారు. ఒక మగ్గమన్నారు. నమ్మదగదు. గుమ్మం ముందు చాచి గంజి పెట్టిన పడుగులు పది రోజుల్లో మూడు. ఒక్క మగ్గం మీద పది రోజుల్లో ఒక పడుగుకు మించి నేయడం ఎవరివల్లా కాదు. కాబట్టి మగ్గాలు మూడు."

మగ్గాన్ని ఇంట్లో దాచవచ్చు, బారెడు పోగుల పడుగును మాత్రం వీధిలో చాచక తప్పదు. ప్రతి ఇంటికీ తేదీలు వేసి ఉన్నాయి. మొత్తం నలభై తేలాయి.

"ఇది నిజమేనా? అయితే సంతకం పెట్టు," అన్నాడు ఆఫీసరు.

'నమ్మదగదు' అన్న మాట కిందే కోటిలింగం సంతకం పెట్టాడు. అబద్ధాలకోరని పదిమందిలో చదివించుకుని ఇంత హాయిగా ఊపిరి పీల్చుకున్నవాడు ఆ వీధిలో మరొకడు లేడు.

బస్సు దాకా వెంట వెళ్ళి, "మళ్ళీ దసరాకీ రా బాబూ. ఈసారి అన్నీ నిజమే చెబుతాం," అన్నాడు.

"అలాగేనండీ, చెప్పండి," అన్నాడు అంకమ్మరావు. "పడుగులు మాత్రం నేను చూసుకుంటానండీ."